ఒక రివాల్వర్ కథ

భోపాల్ యువరాణి ఆబిదా సుల్తాన్ 1913 ఆగస్టు 28న పుట్టింది. 1819 నుంచి 1926 దాకా, మధ్యలో కొన్నేళ్లు తప్ప, ఆ సంస్థానాన్ని బేగంలే ఏలారు. ఆడపిల్ల గద్దెనెక్కడం అక్కడ వింతేమీ కాదు. నలుగురు బేగంలలో చివరిదైన సుల్తాన్ జహాన్ ఈమెకు నాయనమ్మ. మనవరాలిని తెల్లవారకముందే లేపి ఖురాన్ చదివించేది. గుర్రపుస్వారీ, తుపాకీ గురి కూడా ఆ పెంపకంలో భాగమే. పెద్దయ్యాక ఆబిదా వేటాడిన పులులు డెబ్భై పైచిలుకు. ఆ పద్దు రైఫిళ్లది. అందులో ఈ కథలోని రివాల్వర్‌కు వాటా లేదు.

1926లో బేగం తన కొడుకు హమీదుల్లా ఖాన్‌కు గద్దె అప్పగించింది. ఆయనకు ముగ్గురూ ఆడపిల్లలే. పెద్దదైన ఆబిదా 1928లో వారసురాలైంది. కుర్వాయి నవాబుతో నిఖా అంతకుముందే చిన్నతనంలో జరిగిపోయింది. 1933లో కాపురానికి వెళ్లింది గానీ అది నిలవలేదు. మరుసటి ఏడు పుట్టిన కొడుకు షహర్యార్ తనకే కావాలని భర్త పట్టుబట్టాడు.

1935 మార్చిలో ఒక రాత్రి ఆమె ఒంటరిగా కారు నడుపుకుంటూ కుర్వాయి చేరింది. గుళ్లు నింపిన ఈ రివాల్వర్‌ను భర్త ఒళ్లో పడేసింది. బిడ్డ కావాలంటే తనను కాల్చెయ్యాలని, లేదంటే తానే కాలుస్తానని తేల్చి చెప్పింది. ఆయన దాన్ని ఎత్తలేదు. గుండు పేలకుండానే తగవు తెగింది, బిడ్డ తల్లి దగ్గరే ఉన్నాడు. ఏ ఆయుధానికైనా ఇంతకంటే మంచి పని దొరకడం అరుదు.

ఆబిదా తండ్రి కొలువులో పాలనా బాధ్యతలు చూసింది, పోలో ఆడింది. 1942లో విమానం నడిపే లైసెన్సు, 1949లో అఖిల భారత మహిళల స్క్వాష్ టైటిల్ సాధించింది. సరిగ్గా ఆ ఏడే, జూన్ 1న, భోపాల్ పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. ఏలడానికి రాజ్యమే లేకపోయాక వారసత్వమంటే బిరుదు, రాజభరణం, ఆస్తి. అది చిన్న మొత్తమేం కాదు. అయినా 1950లో ఆమె అవి వదులుకుని కొడుకు భవిష్యత్తు కోసం పాకిస్తాన్ వెళ్లింది. 1960లో తండ్రి చనిపోయాక భోపాల్ బేగంగా గుర్తింపు చెల్లెలు సాజిదాకు దక్కింది. క్రికెట్ కెప్టెన్ మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ ఈ సాజిదా కొడుకే.

కరాచీ శివార్లలోని మలీర్‌లో ఇల్లు కట్టుకున్న ఆబిదా బ్రెజిల్‌లో పాకిస్తాన్ రాయబారిగా పనిచేసింది. సైనిక పాలనను వ్యతిరేకించింది. షహర్యార్ పాకిస్తాన్ విదేశాంగ కార్యదర్శి, తర్వాత క్రికెట్ బోర్డు ఛైర్మన్ అయ్యాడు. ఆబిదా 2002 మేలో కరాచీలో కన్నుమూసింది. కుర్వాయి రాత్రి సంగతి కూడా రాసిన ఆమె జ్ఞాపకాల పుస్తకం 2004లో అచ్చయింది.