రెండో ఆట విడిచాక ఒక ఆటవెలది
(నగరి ప్రతి, టీకా తాత్పర్య సహితం)

అవతారిక

నగరిలో రెండో ఆట విడిచాక, హాలు బయట టీకొట్టు ముందు, ఒకానొక మరమగ్గాల కార్మికుడు ఆశువుగా చెప్పినదిగా ఈ పద్యం ప్రచారంలో ఉంది. కవి పేరు తెలియదు. ఏకాంబరకుప్పం వాడని కొందరు, పుత్తూరు నుంచి సినిమా కోసమే దిగినవాడని మరికొందరు. ‘పోతిమి’ అన్న క్రియను బట్టి ఈ చుట్టుపక్కలవాడేనని, కోస్తావాడు కాడని మాత్రం నిశ్చయించవచ్చు. ఏ సినిమా చూసి చెప్పాడో తేలలేదు. తేలకపోవడమే పద్యానికి బలం. ఈ ఇరవై ఏళ్లలో వచ్చిన చాలా రెండో భాగాలకు దీన్ని అతికిస్తే అతుకుతుంది.

మూలంలో లేని ముక్క రాయనని మాటిచ్చి మల్లినాథసూరి వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. నేను అలాంటి మాటేదీ ఇవ్వడం లేదు.

మూలం

మొదటి దానిలోని మోజు రాలేదన్న
రెండు వందలాయె రేటు చూడ
పాట వచ్చినపుడు బైటికే పోతిమి
టీయె మేలు సామి టిక్కెటేల

ప్రతిపదార్థం

అన్న = ఓ అన్నా (వయసుతో నిమిత్తం లేదు, పక్కనున్నవాడు తమ్ముడైనా అన్నే); మొదటిదానిలోని = పూర్వభాగమునందలి; మోజు = మనసును లాగు గుణము; రాలేదు = ఇందు కలుగలేదు; చూడ = విచారింపగా; రేటు = టిక్కెట్టు వెల; రెండు వందలు + ఆయె = రెండు నూర్ల రూపాయలయ్యెను; పాట వచ్చినపుడు = తెరమీద గీతము మొదలైన క్షణమున; బైటికే = హాలు వెలుపలికే; పోతిమి = పోయితిమి; సామి = ఓ స్వామీ; టీయె = తేనీరే; మేలు = ఉత్తమము; టిక్కెటు + ఏల = టిక్కెట్టు ఎందులకు?

తాత్పర్యం

మొదటి సినిమా బాగుండాది, రెండోది బాగాలేదు, దుడ్లు పోయె, పాటలో లేచిపోతిమి, టీ బాగుండె అని భావం. ఇంత తేలిక పద్యానికి టీక దేనికని అడగవచ్చు. కష్టమైన కావ్యానికి టీక రాస్తే కావ్యం తెలుస్తుంది, తేలికదానికి రాస్తే వ్యాఖ్యాత తెలుస్తాడు. వావిళ్ల వారి కాలం నుంచీ మాబోటివాళ్లు బతికింది ఈ రెండో దారినే.

మొదటి పాదం మీద విశేషాలు

కవి ‘మోజు లేదు’ అనలేదు, ‘రాలేదు’ అన్నాడు. అంటే వస్తుందని ఎదురుచూశాడు. ఎదురుచూపు లేనివాడికి ఏ సినిమా అయినా ఒకటే, వాడు పద్యాలు చెప్పడు, ఇంటికి పోయి పడుకుంటాడు. ఉదాహరణకు ‘భారతీయుడు’. 1996లో అది చూసినవాడికి అప్పుడు పదిహేనేళ్లనుకుంటే, 2024 జూలై 12న ‘భారతీయుడు 2’ వచ్చేసరికి నలభై మూడు. ఈ మధ్యలో లంచం రేటు పెరిగింది, వాడి బీపీ పెరిగింది. నేతాజీ సైన్యంలో పనిచేసిన సేనాపతికి లెక్క ప్రకారం వందేళ్లు దాటాలి, ఆయన మాత్రం మర్మకళతో మనుషుల్ని మునుపటికన్నా హుషారుగా ఆడిస్తున్నాడు. దర్శకుడు శంకరే, హీరో కమల్ హాసనే. మొదటిదానికి రెహమాన్, రెండోదానికి అనిరుధ్. ఇదంతా ఓర్చుకున్నవాడికి చివర్లో మూడో భాగం ట్రైలర్ వేసి పంపారు. బాకీ అడగడానికి పోయినవాడి చేతిలో ఇంకో ప్రోనోటు పెట్టినట్టు.

ఇచట పూర్వపక్షం: రెండోవి అన్నీ చెడ్డవేనా? అలా అంటే ముందుగా తిక్కనకు సమాధానం చెప్పుకోవాలి. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలేశాడు. తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకొని, మొదటాయన్ని మరిపించేటంత పని చేశాడు. మధ్యలో మిగిలిన ముక్కను తర్వాత ఎర్రన పూరించాడు. ముగ్గురు దర్శకులు, ఒకే కథ. ‘మొదటిదే బాగుండాది’ అని భారతం గురించి ఎవరైనా గొణిగినా, ఆ గొణుగుడు పద్యంగా నిలవలేదు.

ఈ కాలంలో ‘బాహుబలి’ని చూడండి. 2015 జూలైలో కట్టప్ప కత్తి దించిన చోట ఆపి, 2017 ఏప్రిల్ 28న మళ్లీ మొదలుపెట్టారు. దాన్ని సీక్వెల్ అనకూడదు, ఇరవై ఒక్క నెలల ఇంటర్వెల్ అనాలి. ‘పుష్ప’ మూడేళ్ల ఇంటర్వెల్. అందులో హీరో మన యాస మాట్లాడాడు గనక నగరిలో దాన్ని సినిమాగా చూడలేదు, పరీక్ష పేపరుగా దిద్దారు. ఎక్కడ పలుకు చిత్తూరుది, ఎక్కడ జారింది అని అర్ధరాత్రి దాకా వాదించినవాళ్లను ఎరుగుదును. అయినా రెండో భాగం 2024 డిసెంబరులో వచ్చినప్పుడు హాలు నిండింది, ఎందుకంటే కథ ఇంకా మిగిలే ఉంది.

దీన్నిబట్టి సిద్ధాంతం: కథ మిగిలితే రెండోది నిలబడుతుంది, పేరొక్కటే మిగిలితే పడుతుంది. 2002లో ‘మన్మథుడు’ కథ పెళ్లితో పూర్తయింది. 2019లో ‘మన్మథుడు 2’ వచ్చేటప్పటికి మిగిలింది ఆ పేరు, నాగార్జున. ‘టిల్లు స్క్వేర్’ దీనికి ఎదురు కాదా అంటే, కాదు. అక్కడ మిగిలింది కథ కాదు, టిల్లుగాడి నోరు. అది ఇప్పట్లో అయిపోయేది కాదు.

చంద్రముఖి సంగతి వేరుగా చెప్పాలి, అది శాస్త్రానికి లొంగదు. మలయాళంలో 1993లో ‘మణిచిత్రతాళ్’గా తాళం తీశారు. పి. వాసు ఆ కథను కన్నడంలో ‘ఆప్తమిత్ర’ (2004), తమిళంలో ‘చంద్రముఖి’ (2005)గా తీశారు. తర్వాత కన్నడంలో ‘ఆప్తరక్షక’, తెలుగులో ‘నాగవల్లి’ (2010), మళ్లీ తమిళంలో ‘చంద్రముఖి 2’ (2023). ఒకే గది తలుపు ఒకే దర్శకుడు ఇన్నిసార్లు తీస్తే లోపలున్నదానికి కూడా విసుగొచ్చి ఉంటుంది. నగరివాళ్లకు మాత్రమే తట్టే విశేషం ఇంకొకటి ఉంది. మలయాళ సినిమాలో నాగవల్లి తంజావూరు తమిళ నర్తకి. తమిళ సినిమాలో చంద్రముఖి విజయనగరం తెలుగు నర్తకి, ఆవేశం వస్తే తెలుగే మాట్లాడుతుంది. అంటే దయ్యం ఎప్పుడూ పక్క రాష్ట్రానిదే. మరి రైలెక్కితే తిరుత్తణి, 1960 ఏప్రిల్ 1న హద్దు గీసేదాకా ఒకే జిల్లా, ఇంట్లో ఒక భాష, అంగట్లో ఇంకో భాష. ఇలాంటి ఊరికి దయ్యం ఎటునుంచి రావాలి? వ్యాఖ్యాతలు ఇక్కడ మౌనం వహించారు.

పాఠాంతరం: హద్దుకు అవతల ప్రతిలో మొదటి పాదం చివర ‘అరవంలోనే బాగుండె’ అని ఉంది. ఛందస్సు కుదరదు గనక త్యజించాను. అభిప్రాయం మాత్రం గట్టిది. తిరుత్తణిలో తమిళంలో చూసొచ్చి, నగరిలో డబ్బింగుకు పక్కవాడికి ముందే కథ చెప్పేవాడొకడు ప్రతి వరుసలోనూ ఉంటాడు.

సీక్వెళ్ల మీద మాట్లాడే అర్హత ఈ ఊరికి ఎక్కడిదని అడిగేవారికి ఒక ముక్క. సినీనటి రోజాను 2014లో శాసనసభకు పంపారు, 2019లో రెండో భాగాన్నీ గెలిపించారు, 2024లో మూడోది ఆడించలేదు.

రెండో పాదం

దీని మీద ఎక్కువ చెప్పేది లేదు, జేబు చెబుతుంది. 2021 ఏప్రిల్లో ప్రభుత్వం ఇచ్చిన జీవోలో పల్లె పంచాయతీ హాళ్లలో కింది తరగతి టిక్కెట్టు 5 రూపాయలు. 2022 మార్చి జీవోలో 20 నుంచి 250 దాకా తరగతులు కట్టారు. పెద్ద సినిమా వచ్చినప్పుడల్లా మొదటి రోజులకు వేరే ఉత్తర్వు పుట్టుకొస్తుంది. కవి చెప్పిన రెండు వందలు ఒక టిక్కెట్టుదా, బండి పార్కింగూ పాప్‌కార్నూ కలిపిందా అన్నది సందిగ్ధం. ‘చూడ’ అన్నది అసమాపకక్రియ. రేటు చూశాడే గాని పని పూర్తికాలేదు, ఇంకా పెరుగుతుందని ధ్వని.

మూడో పాదం

పద్యానికి ప్రాణం ఇక్కడుంది. యతి చూడండి: పా, బై. ప-బలకు వర్గయతి, ఆ-ఐలకు స్వరమైత్రి. పాటకూ బైటకూ ఛందస్సులోనే స్నేహం ఉంది, కవి కొత్తగా కలిపిందేమీ లేదు.

కాని ఒక చిక్కు. తెలుగువాడు పాటకు లేచి బయటికి పోవడమేమిటి? 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మాటలు నేర్చినప్పుడే మన సినిమా పద్యాలూ పాటలతో నేర్చింది. ‘మ్యూజికల్’ అని ప్రత్యేకంగా పేరు పెట్టుకోవడం పాటల్లేని సినిమాలు తీసేవాళ్లకు అవసరం, మనకు కాదు. మన జిల్లా పేరునే ఇంటిపేరు చేసుకున్న నాగయ్య, చిత్తూరు రామవిలాస సభ నాటకాల నుంచి వచ్చి, 1946లో ‘త్యాగయ్య’ తీసి, తానే నటించి, తానే పాడి, తానే సంగీతం కట్టారు. అందులో పాట తీసేస్తే కథ ఉండదు. ఇక 1963 ‘లవకుశ’. అది ఉత్తరకాండ, అంటే రామాయణానికి రెండో భాగం. పైగా పాటా పద్యమే దానికి నడక. సీక్వెలూ ఆడదు, పాటల సినిమా కూడా ఆడదనేవాళ్లకు ఆ ఒక్క ఘంటసాల సంగీతంతో రెండు నోళ్లూ మూతపడతాయి. పిల్లలిద్దరూ పాడకపోతే రాముడికి కొడుకుల సంగతే తెలియదు కదా. అక్కడ పాట వచ్చినప్పుడు బయటికి పోయినవాడు కథనే పోగొట్టుకుంటాడు.

మరి మన కవి ఎందుకు పోయాడు? కొందరు వ్యాఖ్యాతలు మూత్రవిసర్జనార్థమని రాశారు. అది ఒప్పదు, అలాగైతే నాలుగో పాదంలో టీ రాదు. నా అన్వయం వేరు. పాట ముందే కథలోంచి బయటికి పోయింది. హీరో ఇక్కడ శవం దగ్గర ఏడుస్తుంటాడు, మరుక్షణం మంచుకొండ మీద ముప్పై మందితో నడుం ఊపుతుంటాడు. పాట వెళ్లిన దారినే కవి కూడా వెళ్లాడు.

దీనికి సాక్ష్యం ‘పుష్ప 2’లోనే ఉంది. గంగమ్మ జాతర ఘట్టం వచ్చినప్పుడు ఎవరూ లేవలేదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మకు బైరాగి వేషం, దొర వేషం, మాతంగి వేషం కట్టేవాళ్లను ఏటా చూసే జనం ఇది. చీర కట్టి, రంగు పూసుకుని మగవాడు ఊగుతుంటే అది వాళ్లకు ఐటం సాంగు కాదు, మొక్కు. ఆ ఆటలో కథ నడిచింది, కుర్చీలు కదల్లేదు. ‘పుష్ప’ మొదటి భాగం పాటలకే దేవిశ్రీప్రసాద్‌కు జాతీయ అవార్డు వచ్చింది, నిజమే. అయినా టీకొట్టువాణ్ణి అడిగితే అతను అవార్డులతో కొలవడు, గ్లాసులతో కొలుస్తాడు.

ఈ దుఃఖం మనదొక్కటే కాదు. 2019లో ‘జోకర్’ చూసి వాకిన్ ఫీనిక్స్‌కు ఆస్కారిచ్చిన అమెరికా, 2024 అక్టోబరులో దాని రెండో భాగాన్ని పాటలతో తీస్తే, హాల్లోంచి వస్తున్న జనం సినిమాస్కోర్ వాళ్లకు ‘డి’ మార్కు వేసి పోయారు. సీక్వెలూ పాటలూ ఒకే దెబ్బకు. పాపం వాళ్లకు ఛందస్సు లేక మార్కుతో సరిపెట్టుకున్నారు.

ఇంకొక సాక్ష్యం చెప్పకుండా ఈ పాదం దాటలేను. బయట టీకొట్టువాడి ఫోనులో ఎప్పుడూ మోగేది బాలు పాత పాటలు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పుట్టింది కోనేటంపేట, ఇప్పుడది తమిళనాడులో ఉంది. చిన్నబడి చదివింది ఇదే నగరిలో, మేనమామ ఇంట్లో ఉండి. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని ఆ గొంతు 1980లో ‘శంకరాభరణం’లో శంకరశాస్త్రి గొంతైంది, మొదటి జాతీయ అవార్డు తెచ్చుకుంది. ఆ సినిమాలో హీరో వయసు మళ్లినవాడు, ఫైట్లు లేవు. జనం పాట కోసమే కూర్చున్నారు. అందుచేత ‘బైటికే’ అన్నచోట ఏవకారానికి అర్థం ఇప్పుడు చూడండి. కవి పాటకు వెరచి పారిపోలేదు. లోపలి పాట వదిలి బయటి పాటకు పోయాడు.

నాలుగో పాదం

‘అన్న’తో మొదలుపెట్టి ‘సామి’తో ముగించాడు. వినేవాడు మారాడా? తిరుపతి దగ్గర గనక సామి అంటే వెంకన్నే అని భక్తుల మతం. టీ పోసేవాణ్ణి సామీ అని పిలవడం ఇక్కడి అలవాటని లౌకికుల మతం. నాకు రెండోదే నచ్చింది. కొండమీది సామి సన్నిధిలో టిక్కెట్టు ఏలని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అలంకారం వ్యతిరేకం, ఉపమానమైన సినిమాకన్నా ఉపమేయమైన టీకి ఆధిక్యం చెప్పాడు గనక. టీ నిజంగా బాగుందా అన్నది అప్రస్తుతం. కొట్టువాడు పాలు తగ్గించాడని ఒక ప్రతిలో ఉన్నా, అది ఎదురు కొట్టువాడు దూర్చిన ప్రక్షిప్తం.

చివరగా ‘ఏల’. పండితులు దీన్ని ఆక్షేపం అంటారు, అంటే టిక్కెట్టు అక్కరలేదని. కౌంటర్లో కూర్చునే ఆయన వ్యాకరణం వేరు. శుక్రవారం పొద్దున ఇదే కవి కిటికీలో చెయ్యి పెట్టి, తల అటు తిప్పి పక్కవాడితో ‘టిక్కెటేల’ అంటుంటే, ఆయన దాన్ని ఎన్ని అన్న ప్రశ్నగా విని, ‘రెండా, మూడా, జల్దీ చెప్పుమప్పా’ అంటాడు.