ఊ కొట్టేవాళ్లు లేని కథ

మా మనవరాలు పట్నం నుంచి పూడూరు వచ్చిందంటే చెవుల్లోంచి ఆ తెల్ల గింజలు తీయదు. "ఏం వింటున్నవ్ బిడ్డా?" అంటే, "దేవకన్య కథ తాతా, మనిషిని లవ్ చేస్తది" అంది. సంబరపడ్డాను. ఒక గింజ నా చెవిలో కూడా పెట్టింది. ఆ దేవకన్యకు తూనీగ రెక్కలు, ప్రియుడికి హోటళ్ల వ్యాపారం! ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికే ఎపిసోడంతా పట్టింది. తీరా చూసుకునే వేళకు ఎవరో తలుపు కొట్టారు, కథ ఆగిపోయింది. తరువాతిది వినాలంటే కాయిన్లు కొనాలట.

అసలు మన దేవకన్యలకు రెక్కలెప్పుడున్నాయి? మహిమంతా చీరలోనో ఉంగరంలోనో ఉండేది. 1961 నాటి 'జగదేకవీరుని కథ'లో ఇంద్రుడి కూతురు జయంతి చీరను ఎన్టీఆర్ దాచేస్తాడు. 1990లో వచ్చిన 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో శ్రీదేవి ఉంగరం పోగొట్టుకుని చిరంజీవి వెంట పడుతుంది. పోయింది దొరికితే పైకి పోవచ్చు, ప్రేమ ముదిరితే పోలేదు. ఆ మెలికే కథ.

మా నాయనమ్మ ఊర్వశి కథ చెప్పేది. పురూరవుడికి ఊర్వశి ముందే షరతులు పెట్టింది: నా పొట్టేళ్లను కాపాడాలి, ఒంటి మీద బట్ట లేకుండా నా కంట పడొద్దు. ఒక రాత్రి గంధర్వులు పొట్టేళ్లను ఎత్తుకుపోయారు. రాజు ఉన్నపళాన లేచి ఉరికాడు. మెరుపు మెరిసింది. అంతే, ఊర్వశి మాయం. "గొర్లు పోతే ఎవడైనా ఉరుకుతడు గదనే!" అని మేం రాజు తరఫున పోట్లాడేవాళ్లం. మా దామగుండం అడవిలోకి పోతే అలాంటి కన్యలు కనపడతారని మా పిల్లకాయల ఆశ. 2024లో అక్కడే నౌకాదళం రేడియో ప్రసార కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. సముద్రం అడుగున తిరిగే జలాంతర్గాములకు మా అడవి నుంచి కబుర్లు పోతాయట. ఇక దేవకన్యలు దిగినట్టే!

నాయనమ్మ కథలు కంది కాయలు ఒలుస్తూ వినేవాళ్లం. చేతులు ఆగొద్దు, ఊ కొట్టడం ఆగొద్దు. ఊ వినపడకపోతే నాయనమ్మ కథ అక్కడే ఆపేసి, మర్నాడు సరిగ్గా అక్కడే అందుకునేది. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లోనూ అదే బేరం. మణిసిద్ధుడు మజిలీ మజిలీకీ కథ చెప్తేనే గొల్ల కుర్రాడు కాశీ దాకా నడుస్తానంటాడు. ఆకాశవాణిలో సినిమా సంక్షిప్త శబ్దచిత్రం వచ్చినా అంతే, రేడియో ఉన్న ఇంటి అరుగు నిండిపోయేది. ఇప్పుడు ఒక్క ఇంట్లో నలుగురుంటే నాలుగు కథలు, ఎవరి చెవి వాళ్లదే. మొన్న పిల్ల నోరు తెరుచుకుని నిద్రపోయింది, దేవకన్య మాత్రం దాని చెవిలో ఇంకా ఏడుస్తూనే ఉంది!

పట్టుబట్టి మా ఊర్వశి కథ వినిపించాను. చివరిదాకా విని, "సెకండ్ సీజన్ లేదా తాతా?" అంది. అయిపోయిందంటే నమ్మదు. దాని తప్పేముంది? మా రోజుల్లో దేవకన్యను భూమ్మీద ఆపడానికి హీరో చీర దాచేవాడు. ఇప్పుడు కంపెనీవాళ్లు ముగింపునే దాచేశారు. ఎపిసోడ్లు అమ్ముడుపోయినన్నాళ్లూ ఆ దేవకన్య స్వర్గానికి పోయేదెట్లా?