తంగేడు పీకి హైడ్రాంజియా నాటాను

ఉద్యోగమంతా జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. మెట్ట మొక్కలు నీటిని ఎట్లా పొదుపు చేసుకుంటాయో, ఎండాకాలం రాగానే ఆకులెందుకు రాలుస్తాయో బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పాను. కాగితం పూల చెట్టుకు మనం పువ్వనుకునేది పువ్వు కాదు, రంగు మారిన ఆకు అని రెమ్మ తుంచి పిల్లల చేతిలో పెట్టి చూపించాను. చెప్పిన పాఠమంతా బడిలోనే వదిలిపెట్టి, రిటైరయ్యాక నల్లగొండ ఎర్రచెలకలో ఊటీ తోట పెట్టబోయాను. ఆ తెలివితక్కువతనం గురించి ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఏటా శివరాత్రి దాటేసరికి మా కాలనీలో కొత్త ఇళ్ల ముందు మళ్లీ అదే పని జరగడం చూస్తున్నాను. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటున్నది.

మా ఇల్లు ఊరికి పానగల్లు వైపు. ఉదయసముద్రం చెరువు అంత దూరమేమీ కాదు గానీ మా జాగా మాత్రం అచ్చంగా మెట్ట. ఎర్రమట్టి, గరుసు, గడ్డపార దిగితే ఠంగుమనే బండ. కొన్నప్పుడు దాని నిండా తంగేడు పొదలు, వాటి సందుల్లో గునుగు. ఇల్లు పూర్తయిన ఏడు బతుకమ్మ పండుగకు మా వాడకట్టు ఆడవాళ్లు మా జాగాలోనే పూలు తెంపుకున్నారు. మా అమ్మ అరుగు మీద కూర్చొని చూస్తూ, "మనింటి ముంగటనే పూసింది బిడ్డా, ఎక్కడికి పోయే పనే లేదు" అని ఎంతో సంబరపడ్డది.

తంగేడు విలువ నాకు తెలియదా? 2014లో దాన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించినప్పుడు బడిలో ప్రార్థన వేళ పిల్లలకు దాని సంగతి చెప్పింది నేనే. మేకలు మూతి పెట్టవని, బెరడు తోలు పదును చేయడానికి వాడతారని, ఎవరూ చుక్క నీళ్లు పోయకున్నా చెలక గట్టు మీద ఏళ్లకేళ్లు బతుకుతుందని చెప్పాను. అయినా సొంత ఇంటి ముందు అది ఉంటే నామోషీ అనిపించింది. వచ్చినవాళ్లు బీడు అనుకుంటారేమోనని బాధ. సంక్రాంతి పోగానే జేసీబీని పిలిపించి వేర్లతో సహా తీయించాను. గునుగు విత్తనాలు రాలిన పైమట్టి కూడా ట్రాక్టర్‌లో ఎక్కి వెళ్లిపోయింది. ఆ రోజు అమ్మ ఏమీ అనలేదు, లోపలికి వెళ్లి పడుకున్నది.

అంతకు ముందు ఎండాకాలం ఊటీ పోయివచ్చాం. మే నెలలో అక్కడ పూల ప్రదర్శన జరుగుతుంది. బొటానికల్ గార్డెన్‌లో హైడ్రాంజియా గుత్తులు చూసినప్పటి నుంచి ఆ నీలం నన్ను వదల్లేదు. నేలలో ఆమ్లం ఉంటేనే ఆ పువ్వు నీలంగా పూస్తుందని, క్షారమైతే గులాబీ రంగుకు మారుతుందని తెలుసు. ఊటీ సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన ఉంది, మే నెలలో కూడా స్వెట్టర్ వేసుకునే ఊరు. అదే నెలలో మా దగ్గర 44, 45 డిగ్రీలు. ఇదంతా తెలిసే నీలం పువ్వు కావాలనుకున్నాను. తెలియక చేసినవాడికి ఒక మినహాయింపు ఉంటుంది, నాకు అదీ లేదు.

ఫిబ్రవరి చివర హైవే పక్కనున్న ఒక నర్సరీకి పోయాను. కడియం వైపు నుంచి లారీలో దిగిన మొక్కలు వరుసగా పెట్టి ఉన్నాయి. వాటిలో పూత మీద ఉన్నవే ఏరుకున్నాను: హైడ్రాంజియా, గార్డెనియా, ఎర్ర నూరువరహాలు, హైబ్రిడ్ మందారాలు, నాలుగు రంగుల కాగితం పూలు. నర్సరీ అతను అడిగింది ఇచ్చాడు, అతని తప్పేమీ లేదు. ఏడాది పొడుగునా రంగు ఉండాలని కోరుకున్నవాణ్ణి, ఏ మొక్క ఏ నెలలో పూస్తుందని ఒక్క మాట అడగలేదు. ఆ రోజు పూసి ఉన్నవే తెచ్చుకుంటే ఆ నెలే రంగు, మిగతా నెలలు ఉత్త ఆకు. కొనే రోజు కంటికి నచ్చినదాన్ని బట్టి తోట వేసుకోవడం నేను చేసిన తప్పులన్నిటికీ మూలం. ఇప్పటికీ చాలామంది అట్లాగే వేస్తారు.

నాటింది కూడా సరిగ్గా నాటలేదు. ఆ మొక్కల వేర్ల చుట్టూ గోదావరి ఒడ్డు జిగటమట్టి ముద్ద ఉంటుంది. ఆ ముద్దను అట్లాగే మా గరుసు నేలలో పెడితే, ఎండకు బిగుసుకుపోయి నీళ్లు లోపలికి పోనివ్వదు. చుట్టూ నేల తడిసినట్టే కనబడుతుంది, నడుమ వేరు మాత్రం ఎండుతుంటుంది. నాటే ముందు ఆ మట్టిని మెల్లగా నానబెట్టి విడదీయాలి. నేను కవరు కోసి గుంటలో దించి, పైన మట్టి తొక్కాను.

ఉగాదికల్లా హైడ్రాంజియా ఆకుల అంచులు మాడాయి. పొద్దున తేరుకున్నట్టే ఉండి మధ్యాహ్నానికి తల వాల్చేది. రోహిణి కార్తె వచ్చేసరికి కట్టెపుల్లలు మిగిలాయి. నూరువరహాల అవస్థ వేరు. ఆకు పచ్చదనం పోయి పసుపు తిరిగింది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలిచాయి. ఒక ఆకు కోసి ఎండకెత్తి పట్టుకుంటే పసుపు గుడ్డ మీద ఆకుపచ్చ దారంతో వల కుట్టినట్టుంది. అది ఇనుము అందని ఆకు. మట్టిలో ఇనుము లేక కాదు, మా ఎర్రమట్టికి ఆ ఎరుపు ఇచ్చిందే ఇనుము. ఉప్పులు, సున్నం నిండిన బోరునీళ్లు రోజూ పోస్తే మట్టి క్షారానికి తిరుగుతుంది, అప్పుడు ఉన్న ఇనుము వేరుకు చిక్కదు. పాదుల మీద తెల్లటి పొర పేరుకుంటుంటే రోజూ చూస్తూనే ఉన్నాను. అది చూసి నీళ్లు తగ్గించాల్సింది, ఇంకా పెంచాను.

నీళ్ల దగ్గర చేసిన పని చెప్పడానికి మిగతా వాటికంటే ఎక్కువ సిగ్గుగా ఉంది.

మా జిల్లా నీళ్ల కథ తెలియనివాళ్లు లేరు. ఇక్కడి గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ బోరునీళ్లలో కరుగుతుంది. పటిక, సున్నం కలిపి ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసి దానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టింది. ఆఫ్రికా దేశాల్లో సైతం ఆ పేరుతోనే వాడారు. ఒక ఊరి పేరు అట్లా లోకానికి తెలియడం వెనుక ఎంత బాధ ఉందో మా అమ్మకు తెలుసు. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఆమె ఈడువాళ్లలో పళ్ల మీద గోధుమరంగు చారలు లేనివాళ్లు తక్కువ, నడివయసుకే మోకాళ్లు వంగనివాళ్లు ఎక్కువ. పైపుల్లో కృష్ణా నీళ్లు ఇంటికి వచ్చిన రోజు ఆమె నల్లాకు పసుపు కుంకుమ పెట్టింది.

మే నడిమికి మా బోరు నీళ్లకు బదులు గాలి పోసింది. మోటారు ఊరికే మోగుతున్నది. ట్యాంకరు చెప్పాను, వాళ్లు మరునాడు అన్నారు. హైడ్రాంజియా ఆ పూట దాటదేమోనన్న ఆదుర్దాతో తాగే నల్లాకు పైపు తగిలించి పాదుల్లోకి వదిలాను. అమ్మ బయటికి వచ్చి చూసింది. "అవి తాగే నీళ్లు బిడ్డా" అన్నది. గొంతులో కోపం లేదు. నల్లా కట్టేశాను. ఆ మొక్క ఎటూ చచ్చింది. ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

ఎండిన మొక్కలు తీసేయడానికి ఒక పెద్దాయన వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్లలో బత్తాయి తోటలకు పాదులు చేసిన మనిషి. కాగితం పూల చెట్లు నిండా ఆకుతో ఏపుగా ఉన్నాయి గానీ నర్సరీలో ఉన్న రంగు రాలిపోయాక మళ్లీ ఒక్క పువ్వు రాలేదు. అవి కూడా పీకెయ్యమన్నాను. ఆయన పార నేలకు ఆనించి నిలబడ్డాడు.

"దీనికి రోజూ నీళ్లు పెడుతున్నవా సారూ?"

"పొద్దున, సాయంత్రం పెడుతున్న."

"ఎరువో?"

"యూరియా చల్లిన. పెంట కూడా వేసిన."

"మరింక పూలెక్కడియి? గిది ఎండకు పూసే చెట్టు. కడుపునిండ పెడితె ఆకే ఏస్తది. నీళ్లు బంద్ చెయ్యి, దాన్ని జర ఎండనియ్యి. నీకు నేను జెప్పాల్నా?"

చివరి మాట ఆయన మామూలుగానే అన్నాడు, నాకే లోపల ఎక్కడో తగిలింది. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకుకు పోతుందని, నీటి కొరతతో పూత రేగే మొక్కలు ఉంటాయని పరీక్షల్లో ప్రశ్నలిచ్చి మార్కులు వేసినవాణ్ణి. ఆ మొక్క మనదాకా వచ్చిన కథ కూడా చెప్పేవాణ్ణి: 1767లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త కొమ్మెర్సాన్ బ్రెజిల్‌లోని రియో దగ్గర దాన్ని చూసి, తమ ఓడలకు నాయకుడైన బూగన్‌విల్ పేరు పెట్టాడని. కథ గుర్తుంది, మొక్క గుణం మరిచిపోయాను.

ఆయన చెప్పినట్టే చేశాను. వానాకాలంలో కొమ్మలు కత్తిరించాం, ఆ తర్వాత ఎరువు వెయ్యలేదు. చలి తగ్గే వేళకు నీళ్లు పూర్తిగా ఆపాను. ఆకులు వడిలి వేలాడుతుంటే చేయి పైపు మీదికి పోయేది, బలవంతాన ఆపుకున్నాను. మార్చిలో మొదట కొమ్మల కొసలు ఎర్రబడ్డాయి. తర్వాత గోడ మొత్తం. దగ్గరికి పోయి చూస్తే మూడేసి రంగు రేకల నడుమ సన్నటి గొట్టాలు, కొసన తెల్లటి చిన్న పూలు. అసలు పూలు అవే. ఏప్రిల్ ఎండకు వీధంతా వెలవెలబోతుంటే ఆ గోడ దగ్గర మాత్రం దారిన పోయేవాళ్లు ఒక్క నిమిషం నిలబడి పోయేవారు. ఎండాకాలపు తోటలో ఆనందం అంటే ఏమిటో నాకు మొదటిసారి అప్పుడు తెలిసింది. అంతకు ముందు ఏడాది తోట చూసినప్పుడల్లా భయమే, దేనికి ఎప్పుడు నీళ్లు చాలవోనని.

మల్లెతోనూ ఇట్లాంటి పనే చేశాను. మార్చిలో తీగలు అడ్డదిడ్డంగా ఉన్నాయని నున్నగా కత్తిరించాను, మొగ్గ పట్టే కొసలన్నీ పోయాయి. మల్లెను కత్తిరించాల్సింది డిసెంబరు, జనవరుల్లో. అంతకు ముందు కొన్నాళ్లు నీళ్లాపి, ఆకు దూసి, తర్వాత ఎరువు వేసి నీళ్లు పెడితే కొత్త చిగురుతో పాటు మొగ్గ వస్తుంది. ఇప్పుడు ఎండాకాలం సందెవేళ మా అరుగు మీద కూర్చుంటే ఆ వాసన ఒక్కటే చాలు. కరెంటు పోయినా ఎవరూ లోపలికి పోరు.

పాలమూరు వైపు అచ్చంపేటలో మా చెల్లెలి ఇల్లు ఉంది. ఒక మార్చిలో అక్కడి నుంచి మన్ననూరు మీదుగా నల్లమల దారిలో పోయాం. అడవిలో ఆకు లేదు. మోదుగలు నిలువెల్లా పూసి ఉన్నాయి. రాళ్ల గుట్టల మీద కొండగోగు ఒక్క ఆకైనా లేకుండా పసుపు పూలు పెద్దపెద్దగా విచ్చుకొని ఉంది. కారు ఆపి చాలాసేపు చూశాను. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడే ఈ మెట్ట సీమ రంగు లేని సీమ కాదు. ఎండలు ముదిరేకొద్దీ రంగు పెరిగే సీమ. ఇక్కడే పుట్టి పెరిగి, రంగు కోసం నేను ఊటీ దాకా చూశాను.

ఇప్పుడు మా జాగాలో ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా కాగితం పూలు, మల్లెలు, గేటు పక్కన ఆకురాల్చి పూసే దేవగన్నేరు. తొలకరి పడ్డాక రత్నగంధి ఎరుపు, పసుపు కలిపి పూస్తుంది. వానాకాలం ముదిరేసరికి పారిజాతం తెల్లవారే వేళకు నేల మీద రాలుతుంది. చలికాలానికి డిసెంబరాలు. నందివర్ధనం మాత్రం నెల చూడదు. గన్నేరు పెట్టలేదు. ఎండకు దానంత మొండి మొక్క మరొకటి లేదు గానీ ఆకు, పువ్వు, కొమ్మ అంతా విషమే, మనవరాలు ఇంకా చిన్నపిల్ల. పాదుల మీద పల్లిపొట్టు మందంగా పరుస్తాను, దాంతో నీళ్లు సగానికి సగం తగ్గాయి. వంటింట్లో బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మల్లెకు పోతాయి.

తంగేడు కోసం మాత్రం మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. గట్ల మీద ఎండిన కాయలు ఏరుకొచ్చి, గింజలు రాత్రంతా నానేసి, తొలకరికి విత్తాను. కొన్ని మొలిచాయి. పొదగా ఎదిగి నిండుగా పూయడానికి కొన్నేళ్లు పట్టింది. అది చూడడానికి అమ్మ లేదు. నిరుడు వాడకట్టు ఆడపిల్లలు తాంబాళం పట్టుకొని వచ్చి, "తాతా, పూలు తెంపుకోవచ్చా?" అని అడిగారు. గునుగు ఇంకా రాలేదు.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఒక్క మనవి. ఈ ఎండల్లో మొక్కలు కొనకండి. మే నెలలో ఒక మధ్యాహ్నం మీ వాడలో నడిచి, ఎవరూ నీళ్లు పోయని గోడ పక్కన ఏది పూసి ఉందో చూసి రాసిపెట్టుకోండి. వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి మళ్లీ చూడండి. మృగశిర దాటి నేల తడిసిన తర్వాత వాటినే తెచ్చి నాటండి. జాగా చదును చేయించేటప్పుడు జేసీబీ ముందు మీరే నిలబడండి. తంగేడు ఉంటే ఒక మూల వదిలిపెట్టించండి.