నాలుగడుగుల లోతు: క్లబ్‌హౌస్ కొలనులో పెద్దల ఈత చదువు

హైదరాబాదుకు పడమట కొండాపూర్, గచ్చిబౌలి, నార్సింగి, తెల్లాపూర్ వైపు లేచిన గేటెడ్ కమ్యూనిటీలలో, అంటే చుట్టూ ప్రహరీ, ముందు గేటు, ఆ గేటు దగ్గర వచ్చినవారి పేరూ ఫోన్ నంబరూ రాసుకొనే సెక్యూరిటీ గల నివాస సముదాయాలలో, క్లబ్‌హౌస్ అనే ఉమ్మడి వినోదభవనం దాదాపు తప్పనిసరిగా ఉంటుంది. అందులోని జిమ్, షటిల్ కోర్టు, ఫంక్షన్ హాలు మొదలైన సౌకర్యాలలో ఫ్లాటు కొనేముందు మనిషిని ఎక్కువగా ఊరించేదీ, కొన్న తరువాత అతడు తక్కువగా వాడేదీ ఈతకొలనే. నెలనెలా చదరపు అడుగుకు ఇంత అని వసూలు చేసే మెయింటెనెన్స్‌లో కొలను నీరు, వడపోత మోటారు, క్లోరిన్, లైఫ్‌గార్డు జీతం అన్నీ కలిసే ఉంటాయి కనుక ఈదేవాడూ ఈదనివాడూ ఒకే రేటున చెల్లిస్తారు, పెద్ద ఫ్లాటు గలవాడు ఈత రాకపోయినా ఎక్కువ చెల్లిస్తాడు. నలభై దాటిన గృహస్థు ఈత బ్యాచ్‌లో చేరినప్పుడు మోకాళ్ల నొప్పి, డాక్టరు సలహా, షుగరు వంటి కారణాలు పైకి చెబుతాడు గాని, లోపల పనిచేసే అసలు ప్రేరణ కట్టిన డబ్బుకు కనీసం ఒళ్లయినా తడవాలన్న పట్టుదలేనని నిర్ధారించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు.

ఈ విద్యార్థికి చిన్నప్పుడే ఈత ఎందుకు రాలేదన్నది ఆలోచించదగిన ప్రశ్న. అంతకు ముందు తరం పల్లెలో మోటబావిలోనో ఊరి చెరువులోనో ఈత నేర్చింది; నడుముకు ఎండిన సొరకాయ బుర్రనో బెండు కట్టనో కట్టి, గట్టు మీది నుంచి బాబాయో బావో ఒక్క తోపు తోయడమే ఆ పద్ధతిలో పాఠ్యప్రణాళిక, తిరిగి గట్టు పట్టుకోవడమే పరీక్ష. ఆ తరువాత బోరుబావులు వచ్చి దిగుడుబావులు ఎండాయి, పిల్లలు హాస్టళ్లకు వెళ్లారు, ఈత నేర్చుకోవలసిన వేసవులన్నీ 1986లో మొదలైన ఎంసెట్ అనే ప్రవేశపరీక్షకు కోచింగుగా ఖర్చయ్యాయి. ఫలితంగా ఒకే ఇంట్లో తాతకు బావిలో ఈత వచ్చు, మనవడికి క్లబ్‌హౌస్‌లో ఈత వచ్చు, మధ్యలోని తండ్రికి ఎక్సెల్ షీటు వచ్చు.

కొలనులో దిగడానికి ముందు పాటించవలసిన నియమావళి గోడ మీద ఫ్రేము కట్టి ఉంటుంది. నైలాను లేదా లైక్రా దుస్తులే వేసుకోవాలి, ఎందుకంటే నూలుబట్ట పోగులు వడపోత యంత్రంలో చిక్కుకుంటాయి. టోపీ పెట్టుకోవాలి, ఎందుకంటే వెంట్రుకలు కూడా అక్కడికే చేరతాయి. అయితే వెంట్రుకలు బొత్తిగా లేనివారికి మినహాయింపు ఏ క్లబ్‌హౌస్ కమిటీ ఇచ్చిన దాఖలా లేదు, నిబంధన నిబంధనే కనుక నున్నటి శిరస్సులు కూడా రబ్బరు టోపీలలో బిగుసుకొని కనిపిస్తాయి. దిగేముందు షవర్ కింద ఒళ్లు కడుక్కోవాలన్నది అన్నిటిలోకీ ముఖ్యమైన నియమం, అందరూ చదివి వదిలేసేదీ అదే. కొలను దగ్గరకు రాగానే ముక్కుకు తగిలే ఘాటును క్లోరిన్ వాసన అనుకొని, మందు బాగానే వేశారని చాలామంది తృప్తిపడతారు. నిజానికి ఆ ఘాటు క్లోరమైన్లది, అంటే చెమటలోనూ మూత్రంలోనూ ఉండే నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిసినప్పుడు పుట్టే సమ్మేళనాలది, కళ్లు ఎర్రబడటంలోనూ వాటి పాత్ర పెద్దదే. శుభ్రమైన కొలను అంతగా వాసన కొట్టదు. మూత్రం కలిస్తే నీటి రంగు మారే రసాయనం వేశామని పిల్లలను బెదిరించే ఆచారం కొన్నిచోట్ల ఉన్నది. అటువంటి రసాయనం కొలనులలో వాడుకలో లేదు గాని, ఆ బెదిరింపు విన్నప్పుడు పెద్దల బ్యాచ్‌లో కొన్ని ముఖాలు పిల్లల ముఖాలకన్నా గంభీరంగా మారడం గమనించదగినది.

తొలి పాఠం బుడగలు. గట్టు పట్టుకొని, నోటితో గాలి పీల్చి, ముఖం నీటిలో పెట్టి, ముక్కుతో నెమ్మదిగా బుడగలు వదలాలి. అయిదేళ్ల పిల్ల నిమిషంలో నేర్చుకొని విసుగుపడే ఈ పని దగ్గరే పెద్దల చదువు రోజుల తరబడి ఆగిపోతుంది, కారణం ఏమిటంటే పెద్దవాడు గాలి పీలుస్తాడు గాని వదలడు. ఊపిరి కావాలన్న ఆత్రం పుట్టేది ప్రాణవాయువు తగ్గినందువల్ల కన్నా బొగ్గుపులుసు వాయువు, అంటే శరీరం బయటికి పంపవలసిన కార్బన్ డయాక్సైడ్, రక్తంలో పేరుకొన్నందువల్లనే కనుక, గాలి బిగబట్టినవాడికి ఆయాసం త్వరగా వస్తుంది, ఆయాసం రాగానే తల పైకి లేస్తుంది, తల పైకి లేవగానే మిగతా శరీరం కిందికి పోతుంది. గట్టు మీద నిలబడిన కోచ్ వయసు విద్యార్థి వయసులో సగమే ఉంటుంది గనుక గద్దించలేక, 'వదలండి సార్, వదలండి, అంతా లోపలే పెట్టుకుంటున్నారు' అని మర్యాదగా చెబుతూ ఉంటాడు. దాచుకోవడమే జీవితకాలపు అలవాటైనవాడికి ఈ సలహా చెవికెక్కడానికి కొంత సమయం పడుతుంది.

తల విషయంలో శాస్త్రం స్పష్టంగానే ఉన్నది. మనిషి శరీరం సాంద్రత, అంటే ఒక ఘనపరిమాణంలో ఇమిడిన బరువు, ఇంచుమించు నీటిదానితో సమానం. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే చాలామంది తేలతారు, పూర్తిగా వదిలితే చాలామంది మునుగుతారు. శరీరాన్ని నీరు పైకి నెట్టే బలం కేంద్రీకృతమయ్యే చోటును ఉత్ప్లవన కేంద్రం అంటారు, అది గాలి నిండిన ఛాతీ వైపు ఉంటుంది. బరువు కేంద్రీకృతమయ్యే గురుత్వ కేంద్రం నడుము దగ్గర ఉంటుంది. ఈ రెంటికీ మధ్య ఎడం వల్ల కాళ్లు సహజంగానే కిందికి దిగుతాయి. దీనికి తోడు నాలుగున్నర, అయిదు కిలోల బరువుండే తలను నీటిపైకి ఎత్తితే ఆ బరువు మోయడానికి నీటి సాయం ఉండదు, నడుము మరింత దిగుతుంది. అంటే మునిగిపోతానేమోనన్న భయంతో తల ఎత్తడమే మునగడానికి ముఖ్యకారణం. పెద్దవాడు ఆఫీసులోనూ, అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగులోనూ, వియ్యాలవారి ముందూ తల ఎత్తుకొని తిరగడానికి ఎంతో కష్టపడి ఉంటాడు. కొలనులో మాత్రం దాన్ని దించనిదే పని జరగదు.

ఈ ఇబ్బంది ఒక్క తెలుగువారిదే అనుకోనక్కరలేదు. 1844లో ఉత్తర అమెరికా ఆదివాసులైన ఒజిబ్వే తెగకు చెందిన ఇద్దరు ఈతగాళ్లు లండన్‌లో పోటీపడి, చేతులను గాలిలో తిప్పుతూ నీటిని చిమ్ముతూ వేగంగా ఈది చూపించారు. వేగం ఒప్పుకొన్నా అది నాగరికంగా లేదని భావించిన ఇంగ్లీషువారు తరువాత కూడా కొన్ని దశాబ్దాలపాటు, ముఖం తడవకుండా తల నిలబెట్టుకొని ఈదే బ్రెస్ట్‌స్ట్రోక్‌నే, అంటే రెండు చేతులతో నీటిని ఇరుపక్కలకు తోసే కప్ప ఈతనే, పట్టుకొని ఉన్నారు. నేడు ఫ్రీస్టైల్ పోటీలో అందరూ ఈదేది ఆ చేతులు తిప్పే పద్ధతికి దగ్గరి చుట్టమే. అంతకు చాలా ముందు, 1587లో, కేంబ్రిడ్జి పండితుడు ఎవరార్డ్ డిగ్బీ ఈత మీద లాటిన్‌లో బొమ్మలతో సహా ఒక గ్రంథం రాశాడు; నీటిలో తేలుతూనే కాలిగోళ్లు కత్తిరించుకొనే విధానాన్ని కూడా అందులో చేర్చాడు. క్లబ్‌హౌస్ కమిటీలు ఆ గ్రంథాన్ని చదవకపోవడం అందరికీ మేలు. అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇచ్చిన సలహా ఇంతకన్నా ఉపయోగకరమైనది: ఛాతీ లోతు నీటిలో నిలబడి, గట్టుకూ తనకూ మధ్య ఒక గుడ్డును వేసి, దాన్ని తీయడానికి మునగమంటాడు, మునగబోయినవాడిని నీరు పైకి నెడుతుంది, మునగడం ఎంత కష్టమో తెలిసినవాడికి భయం తగ్గుతుంది. సలహా అమోఘమే గాని, తినుబండారాలు నిషిద్ధమన్న బోర్డు కింద గుడ్డు పట్టుకొని నిలబడిన విద్యార్థి తన ఉద్దేశాన్ని సెక్రటరీకి వివరించుకోవలసి వస్తుంది.

చాలా క్లబ్‌హౌస్ కొలనుల లోతు నాలుగడుగులకు అటూ ఇటూ ఉంటుంది. తల మునిగాక మూరెడైతేనేం బారెడైతేనేం అన్న సామెత ఇక్కడ తలకిందులవుతుంది, ఎందుకంటే ఇక్కడ తల మునగాలంటే ముందు మోకాళ్లు వంచాలి. అయినప్పటికీ అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి చేతులు కొట్టుకుంటూ కేకవేయడం, లైఫ్‌గార్డు కుర్చీలోంచి లేవకుండానే 'నిలబడండి సార్' అనడం, అతడు నిలబడగా నీరు ఛాతీ దాకా రావడం, చుట్టూ ఉన్నవారు మర్యాద కొద్దీ ఆకాశం వైపు చూడటం తరచుగా జరిగేవే. దీన్ని పిరికితనంగా లెక్కకట్టడం అన్యాయం: బోర్లా తేలుతున్న మనిషికి నిలబడటమన్నది విడిగా నేర్చుకోవలసిన విద్య. మోకాళ్లను పొట్ట దగ్గరకు ముడవాలి, చాచిన అరచేతులతో నీటిని కిందికి నొక్కాలి, నడుము దిగాక పాదాలు నేలకు ఆనించాలి, తల అన్నిటికన్నా చివర ఎత్తాలి. కంగారుపడినవాడు సరిగ్గా దీనికి ఎదురు క్రమంలో, ముందు తల ఎత్తి చివరికి పాదాలను వెతుక్కుంటాడు. మంచి కోచ్‌లు ఈ పాఠాన్ని చేతులు తిప్పడం కన్నా ముందు చెబుతారు, చెప్పని కోచ్‌ల బ్యాచ్‌లలో కేకలు ఎక్కువ.

ప్రేక్షకుల ప్రస్తావన లేకుండా ఈ వివరణ పూర్తికాదు. లోతు తక్కువ వైపున నడుము లోతులో నిలబడి, ఈదకుండా నడుస్తూ, భూముల ధరలు మాట్లాడుకొనే పెద్దమనుషుల బృందం ఒకటి ప్రతి కొలనులోనూ స్థిరనివాసం ఏర్పరచుకొని ఉంటుంది. ఈత రానివారే అయినా ఈదేవారి తప్పులు వీరికి బాగా తెలుసు. వీరికన్నా భరించరానివారు సొంత పిల్లలు. 'నాన్నా, కాళ్లు మోకాళ్ల దగ్గర కాదు, తొడల దగ్గర నుంచి కొట్టాలి' అని తడబడని గొంతుతో చెప్పే ఏడేళ్ల కూతురి మాట నూటికి నూరుపాళ్లు సరైనది కావడమే అందులోని బాధ.

కొలను ఒక కొస నుంచి మరో కొసకు ఆగకుండా చేరినవాడు ఆ సాయంత్రమే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ సంగతి పెడతాడు, పెట్టవచ్చు కూడా. అయితే నాలుగడుగుల నీటిలో వచ్చిన ఈతను నమ్ముకొని కృష్ణలోనో గోదావరిలోనో, ఇసుక తవ్విన గుంతల దగ్గరో, ఊరిబయటి క్వారీ నీటిలోనో దిగకూడదు. అక్కడ ప్రవాహం ఉంటుంది, సుడులుంటాయి, అడుగు కనబడదు, 'నిలబడండి సార్' అనే కుర్చీ ఉండదు. ఎండలు ముదరకముందే పెద్దల బ్యాచ్‌కు పేర్లు తీసుకుంటారు కనుక చేరదలచినవారు మార్చిలోనే క్లబ్‌హౌస్ ఆఫీసులో అడగడం మంచిది, వచ్చేటప్పుడు నైలాను దుస్తులూ టోపీ తెచ్చుకోవాలి, తలకు కొబ్బరినూనె రాసుకొని మాత్రం రాకూడదు.