సంపూర్ణ గ్రహణం, విపరీతమైన గాలి

'టోటల్ ఎక్లిప్స్ ఆఫ్ ది హార్ట్' 1983లో విడుదలైన పాప్ సింగిల్. పాడింది వేల్స్‌కు చెందిన బానీ టైలర్. రాసి, బాణీ కట్టి, రికార్డు చేయించింది అమెరికా వాడైన జిమ్ స్టైన్‌మన్. వీడియో తీసింది ఆస్ట్రేలియా దర్శకుడు రస్సెల్ మల్కాహీ. ముగ్గురిలో ఒక్కరికైనా 'ఇక చాలు' అనే అలవాటు ఉండి ఉంటే ఇది మామూలు విరహగీతంగా పుట్టి, మామూలుగానే మరుగున పడేది. ఆ ప్రమాదం జరగలేదు.

గాయని అసలు పేరు గేనర్ హాప్కిన్స్. 1951లో స్క్యూవెన్ అనే ఊళ్లో, బొగ్గుగని కార్మికుడి ఇంట పుట్టింది. తొలిరోజుల్లో స్వరతంతువుల మీద కాయలు కాస్తే శస్త్రచికిత్స చేసి, కొన్ని వారాలు నోరు మెదపవద్దన్నారు. ఓపిక నశించి ఆమె ఒకరోజు గట్టిగా అరిచింది. దాంతో గొంతు శాశ్వతంగా బొంగురుపోయింది. ఆ బొంగురు గొంతుతోనే పాడిన 'ఇట్స్ ఎ హార్టేక్' ఆమెను ప్రపంచానికి పరిచయం చేసింది. వైద్యుల మాట పెడచెవిన పెట్టి పైకొచ్చిన వాళ్లు అరుదు. అందుచేత ఈ పద్ధతిని సంగీత పాఠశాలల్లో బోధించరు.

స్టైన్‌మన్ అప్పటికే మీట్ లోఫ్ అనే గాయకుడికి 'బ్యాట్ అవుట్ ఆఫ్ హెల్' (1977) ఆల్బం రాసి పేరు మోసినవాడు. అతని పాటల్లో ఎవరూ నెమ్మదిగా ప్రేమించరు. ప్రేమిస్తే ఉరుములు రావాలి, మోటారు సైకిళ్లు పేలిపోవాలి. తనకు అలాంటి పాటే కావాలని టైలర్ పట్టుబట్టింది. అతను మొదట ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నాడు. ఈ పాట మొదటి పేరు 'వాంపైర్స్ ఇన్ లవ్' అనీ, రక్తపిశాచి నోస్ఫెరాటు మీద తలపెట్టిన సంగీత నాటకం కోసం మొదలుపెట్టిందనీ స్టైన్‌మన్ తర్వాత చెప్పాడు. చీకటి గురించీ, చీకట్లో ప్రేమకున్న బలం గురించీ పాటలో అంత పట్టింపు ఎందుకో దాంతో తెలిసింది. అప్పటిదాకా శ్రోతలు అదంతా విరహమే అనుకున్నారు. విరహానికీ రక్తదాహానికీ లక్షణాలు చాలావరకు ఒకటే కాబట్టి ఎవరూ నష్టపోలేదు. 1997లో వియన్నాలో మొదలైన 'టాంజ్ డెర్ వాంపైర్' నాటకంలో ఈ బాణీ మళ్లీ వినిపించింది. అంటే పాట పద్నాలుగేళ్లు మనుషుల మధ్య తిరిగి, పుట్టింటికి చేరుకుంది.

రికార్డింగుకు పియానో మీద రాయ్ బిట్టన్‌నూ, డ్రమ్ముల మీద మ్యాక్స్ వైన్‌బర్గ్‌నూ కూర్చోబెట్టారు. ఇద్దరూ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బృందంలోని వాళ్లు. ఇటు తిరగమంటూ మధ్యమధ్యలో పిలిచే మగ గొంతు రోరీ డాడ్‌ది. పాట పియానో మెట్ల మీద పిల్లిలా మొదలై, చరణం చరణానికీ ఒళ్లు పెంచుకుంటూ, చివరికి పిడుగుల మధ్య నిలబడి అరుస్తుంది. ఆల్బంలో దాని నిడివి దాదాపు 7 నిమిషాలు. రేడియోవాళ్ల కోసం సుమారు నాలుగున్నర నిమిషాలకు కోశారు. కోసిన తర్వాత కూడా విన్నవాళ్లకు ఏదీ తగ్గినట్టు అనిపించలేదన్నది గమనార్హం.

ఇక వీడియో. మల్కాహీ చేతికి ఈ పని రావడంలో ఆశ్చర్యం లేదు. 1981 ఆగస్టు 1న ఎంటీవీ ప్రారంభమైనప్పుడు మొట్టమొదట ప్రసారమైన వీడియో అతను తీసిందే. చిత్రీకరణకు ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో, వర్జీనియా వాటర్ దగ్గరున్న హాలోవే శానటోరియం దొరికింది. సర్వరోగ నివారిణులంటూ మాత్రలు, లేపనాలు అమ్మి, ప్రకటనలు దట్టించి కోటీశ్వరుడైన థామస్ హాలోవే అనే వ్యాపారి కట్టించిన మానసిక చికిత్సాలయం అది. 1885లో తెరిచారు, 1980 నాటికి మూతపడింది. ఒకప్పుడు రోగులకు కరెంటు షాకులిచ్చిన కింది గదుల్లోకి కాపలా కుక్కలు సైతం అడుగు పెట్టలేదని టైలర్ చెప్పింది. కుక్కలు ఆగిన చోట పాప్ పరిశ్రమ ముందుకు వెళ్లింది.

కథ ఒక రాత్రి నడుస్తుంది. తెల్ల దుస్తుల్లో టైలర్ పొడవాటి నడవాల్లో తిరుగుతుంది. కొవ్వొత్తులు వెలుగుతుంటాయి, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, తెరలు ఇల్లంతా ఎగురుతాయి. గాలి ఎటు నుంచి వస్తోందో ఎవరూ అడగరు. అంత గాలికీ కొవ్వొత్తులు ఎందుకు ఆరిపోవో అసలే అడగరు. బడి పిల్లలు బల్లల ముందు బుద్ధిగా కూర్చుని ఉంటారు. ఒకడి చేతిలోంచి పావురం ఎగురుతుంది. తర్వాత ఈతగాళ్లు వస్తారు. వాళ్ల వెనుక కత్తిసాము చేసేవాళ్లు, నింజాలు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు, పల్టీలు కొట్టేవాళ్లు, తోలు జాకెట్ల నాట్యకారులు. భోజనాల బల్ల దగ్గర గ్లాసులెత్తే బృందం వేరే. చర్చి గాయకబృందంలోని పిల్లల కళ్లు బల్బుల్లా వెలుగుతాయి. ఏ బడిలోనైనా క్రీడా దినోత్సవం, వార్షికోత్సవం, దెయ్యాల వారం ఒకే రాత్రి పెట్టుకుంటే హాజరుపట్టీ ఇలాగే ఉంటుంది.

తెల్లవారుతుంది. టైలర్ ఆ బడి టీచరమ్మ అని తెలుస్తుంది. వరసగా నిలబడ్డ పిల్లలతో మర్యాదగా కరచాలనం చేస్తూ వెళుతుంటే, వాళ్లలో ఒకడి కళ్లు పట్టపగలే వెలుగుతాయి. కల అయిపోయిందనుకున్న ప్రేక్షకుడికి అది చివరి దెబ్బ. తెలుగు సినిమాలో డ్రీమ్ సాంగ్ చూసి పెరిగినవాళ్లకు ఎక్కడినుంచో వీచే గాలి, పిలవకుండా వచ్చే నాట్యబృందం కొత్త కాదు. కాకపోతే మన డ్రీమ్ సాంగ్‌లో కల ఎవరిదో స్పష్టంగా ఉంటుంది. పాట అయ్యాక ఎవరో ఒకరు పిలిచి లేపుతారు. ఇక్కడ కల టీచరమ్మదా, పిల్లలదా, భవనానిదా అన్నది చెప్పలేదు. అడగాలన్న ధ్యాస రాకుండా నింజాల్ని పంపారు.

ఇంత అసంగతం నిలబడటానికి కారణం ఒక్కటే: తెర మీద ఒక్కరూ నవ్వలేదు. ఈతగాడు ఈతగాడిగానే గంభీరంగా ఉన్నాడు, టైలర్ ముఖంలో ప్రాణసంకటం తప్ప మరేదీ కనిపించదు. ఎవరైనా కన్నుగీటి 'ఇదంతా సరదాకే' అని ఉంటే మొత్తం కూలిపోయేది. 2009లో ఇంటర్నెట్‌లో వచ్చిన ఒక పేరడీ ఈ సంగతిని రుజువు చేసింది. బొమ్మలు అవే ఉంచి, మాటలు మాత్రం తెర మీద కనిపిస్తున్నది ఉన్నదున్నట్టు వర్ణించేలా మార్చారు. లక్షలమంది పొట్ట పట్టుకుని నవ్వారు. అసలు మాటలకున్న గుణం అప్పుడు తేలింది: అవి వినిపిస్తున్నంతసేపు కళ్లు ప్రశ్నలు వేయవు.

ఫలితం అంకెల్లో ఉంది. పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అమెరికాలో 1983 అక్టోబరులో బిల్‌బోర్డ్ హాట్ 100 శిఖరం మీద నాలుగు వారాలు కూర్చుంది. అదే సమయంలో రెండో స్థానానికి వచ్చింది ఎయిర్ సప్లై బృందం పాడిన 'మేకింగ్ లవ్ అవుట్ ఆఫ్ నథింగ్ ఎట్ ఆల్', రాసినవాడు స్టైన్‌మనే. మొదటి స్థానం నుంచి తనను దింపాలంటే ఆ రోజుల్లో అతనికి ఉన్న ప్రధాన శత్రువు తనే.

అప్పటి నుంచి ఆకాశంలో గ్రహణం పట్టినప్పుడల్లా ఈ పాటకు గిరాకీ పెరుగుతుంది. 2017 ఆగస్టు 21న అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం వస్తే, 'ఒయాసిస్ ఆఫ్ ది సీస్' విహారనౌక మీద టైలర్ చేతనే పాడించారు. ఆ రోజు చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పింది ఎక్కడైనా గరిష్ఠంగా 2 నిమిషాల 40 సెకన్లు. రేడియో కోసం కోసిన కురచ పాట కూడా అంతకంటే పొడవే. అసలు భూమ్మీద ఏ సంపూర్ణ సూర్యగ్రహణమైనా సుమారు ఏడున్నర నిమిషాలకు మించి సాగదు. ఆల్బంలోని పాట ఆ హద్దుకు అర నిమిషం ఇవతలే ఆగింది. స్టైన్‌మన్ సంయమనం పాటించిన సందర్భాల్లో ఇది ప్రముఖమైనది.