వర్ణ మీమాంసకులు

విజయదశమి వెళ్లిన మంగళవారము పైడితల్లమ్మవారి సిరిమాను చూడ బంధుకోటి దిగకమునుపే యింటికి రంగులు వేయించి తీరవలెనను పట్టుదల విజయనగరమున గృహస్థులకు సహజమే గాని, ఆ పట్టుదలను రెండు లేత ఆకుపచ్చల నడుమ నిలిపివైచిన మహనీయులు మా వీథిలో నొక్కరే యున్నారు. వారిని మేము వర్ణ మీమాంసకులని వ్యవహరింతుము.

ఉద్యోగ విరమణానంతరము వారి చేతికి భగవద్గీత వచ్చునని యెల్లరును తలంపగా, రంగుల దుకాణమువారి షేడ్ కార్డు వచ్చినది. ఒకటి తమలపాకు వన్నెయట. రెండవది అరటిమొవ్వు వన్నెయట. హాలు గోడపై విసనకర్రంతేసి మచ్చలు రెండు ప్రక్కప్రక్కన పూయించి, తడిగా నున్నప్పుడొకమారు, ఆరిన పిదప నొకమారు, ప్రాతఃకాలమున తూర్పు కిటికీ తెఱచియు, మధ్యాహ్నమున దానినే మూసియు, అసురసంధ్యవేళ ట్యూబులైటు వెలిగించియు, అది యార్పి పాత పసుపు బల్బు వెలిగించియు, కన్నుమార్చి కన్ను మూసియు పరీక్షించి, “ఇంకను తేలలేదండీ” అని సెలవిచ్చునపుడు వారి ముఖమున గానవచ్చు సంతృప్తి, ఏదో యొకటి తేల్చుకొన్నవారి ముఖమున నే నెన్నడును చూచి యెఱుగను. వచ్చినవారెల్లరును తీర్పు చెప్పవలసినదే. భేదము గుర్తించినవారికి కాఫీ; “రెండు నొకటే కదండీ” యన్నవారికి మంచినీళ్లు.

అట్లని వారిని వట్టి చాదస్తులని త్రోసివేయుటకును వీలులేదు. ఎఱ్ఱగచ్చు ప్రక్కనున్న పచ్చ మఱింత పచ్చగా దోచుననియు, ఆ గచ్చుపై చాప పఱచినచో నదియే వెలవెలబోవుననియు వారు చెప్పగా మేము నవ్వితిమి. కాని ఫ్రాన్సులో గోబెలిన్ చిత్రకంబళముల కర్మశాలయందు అద్దకపు పనికి అధ్యక్షుడైన షెవ్రోల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1839లో పెద్ద గ్రంథమే వ్రాసి నిరూపించినది ఈ సంగతియే. ఆయన 102 సంవత్సరములు జీవించెను గనుక, ఆయనకును తొందర లేకపోయెను.

తొందరయెల్ల శ్రీకాకుళము వైపునుండి వచ్చిన రంగుల మేస్త్రీది. “బాబూ, రెండూ ఒకటే గదేటి! బేగి సెప్పండి, అవతల ఇంకో ఇంటికాడ పనుంది” అని మొదట వేగిరపడెను. మచ్చలు వేసినను వేయకున్నను రోజుకూలి ముట్టుచుండుటచే క్రమముగా నాతని దృష్టియు సూక్ష్మమయ్యెను. మొన్న నేను పోవుసరికి, బ్రష్షు క్రింద బెట్టి, చేతులు కట్టుకొని, మెడ ప్రక్కకు వాల్చి, “రెండోది కంటికి సలవే బాబూ, కాదన్ను. కానండి, దీపాలెట్టే యేళకి కూసింత పాసిరంగు కొడతంది” అనుచుండెను. మీమాంసకులు పరమానందభరితులై కాఫీ రెండు గ్లాసులు తెమ్మని లోపలికి కేకవైచిరి.

సిరిమాను వెళ్లినది; సంక్రాంతి వచ్చుచున్నది. మేస్త్రీ మాత్రము మఱి యే యింటను పని యొప్పుకొనుట లేదు.