గూగుల్ స్కాలర్ కథ

ఇది పరిశోధన వ్యాసాలను, సిద్ధాంత గ్రంథాలను వెతికిపెట్టే శోధన యంత్రం కథ. అనురాగ్ ఆచార్య, అలెక్స్ వెర్‌స్టాక్ అనే ఇంజనీర్లు రూపొందించగా 2004 నవంబరులో అది గూగుల్ స్కాలర్ అనే పేరుతో వెలువడింది. దాని వంశమూలం మాత్రం అంతకంటే పాతది. ఒక వ్యాసాన్ని తరువాత వచ్చిన ఏయే వ్యాసాలు ఉదహరించాయో నమోదు చేసే పట్టికను ఉల్లేఖన సూచి అంటారు. విజ్ఞానశాస్త్రాలకు అటువంటిది కావాలని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను ప్రచురించారు.

ఆ ఉల్లేఖనమే ఈ యంత్రానికి ప్రాణం. వ్యాసం చివరి గ్రంథసూచిక చదువరిని వెనుకటి కాలానికి తీసుకుపోతే, ఫలితం కింద కనిపించే ‘సైటెడ్ బై’ అనే అంకెను నొక్కినప్పుడు తెరుచుకునే జాబితా తరువాతి కాలానికి, అంటే ఆ వ్యాసంలోని వాదాన్ని ఎవరు బలపరిచారో, ఎవరు ఖండించారో తేలే చోటికి తీసుకుపోతుంది. ఖండించినవారి ఉల్లేఖనాలు కూడా ఆ అంకెలోనే కలుస్తాయి కనుక అది ఎంత పెద్దదైనా వ్యాసం సరైనదనడానికి రుజువు కాదు. పైగా ఫలితాల వరుసను నిర్ణయించడంలో ఉల్లేఖనాల సంఖ్యకు ప్రాధాన్యం ఉండడం వల్ల పాత వ్యాసం పైకి చేరి, దానిలోని పొరపాటును నిరుడు బయటపెట్టిన కొత్త వ్యాసం అడుగున ఉండిపోవచ్చు. మొదటి పుట చూసి ఆగిపోయే విద్యార్థికి నష్టం కలిగేది ఇందుకే. సంవత్సరాల పరిమితి విధించడం ఆ లోపాన్ని కొంత సరిచేస్తుంది. డబ్బు పుచ్చుకొని ఏ పరిశీలనా లేకుండా అచ్చువేసే పత్రికల వ్యాసాలు కూడా ఫలితాలలో చేరుతుంటాయి కనుక పత్రిక మంచిచెడ్డలను చదువరే విచారించుకోవాలి.

తెలుగు విషయాల దగ్గర దాని చూపు మందగిస్తుంది. ఒకే రచయిత పేరును రోమన్ లిపిలో పలు రకాలుగా రాయడం వల్ల, ఇంటిపేరు ఒకచోట ముందూ మరొకచోట వెనుకా రావడం వల్ల, ఒకరి రచనలే పలువురివిగా చెదిరిపోతాయి. 1924లో మొదలైన ‘భారతి’ వంటి పత్రికల సంచికలు కేవలం పుటల బొమ్మలుగా ఉన్నచోట యంత్రం వాటిలోని అక్షరాలను చదవలేదు. తెలుగు సాహిత్య పరిశోధకుడు భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను భద్రపరిచే శోధగంగలోనూ విడిగా వెతికి, అక్కడి గ్రంథసూచికలు పట్టుకొని వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాలకు వెళ్ళవలసిందే.